గీత పడకూడని గొట్టాలు

చినగరువులో కొండదారుల రవాణా సంస్థ అని ఒకటుంది. దానికి ఒక డైరెక్టరు, ఒక స్టోర్సు అధికారి, ఒక అసిస్టెంటు ఇంజనీరు, బోలెడన్ని విభాగాలు, మేడ మీద మేడ, ఒక పికప్పు బండి ఉన్నాయి. ఒక్క బండి కోసం ఇంత సంస్థ దేనికని అడిగేవాళ్లు ప్రతిచోటా ఉంటారు. ఇంత సంస్థకి ఒక్క బండయినా ఉండొద్దా అని తిరిగి అడిగితే వాళ్ల దగ్గర జవాబుండదు.

ఆ బండి మామూలు బండి కాదు. నాలుగు చక్రాలూ లాగుతాయి. గెడ్డలో దించితే నీళ్లు చీల్చుకుని అవతలి ఒడ్డున తేలుతుంది. దానికున్న చిక్కల్లా కొండదారిలో నడవాల్సి రావడమే. పనసబంద అనే ఊరికి ఎక్కేటప్పుడు ముందు చక్రం ఏ రాయి మీదో ఎక్కి దిగిందంటే, తలుపుల కింద పొడుగునా ఉండే రేకు పోయి ఆ రాయి మీద కూర్చుంటుంది. ఒకసారి అలాగే కూర్చుని లోపలికి సొట్టపోయింది. ఎడమవైపు తలుపు తెరుచుకోవడం మానేసింది. ఆ తలుపు పక్కన కూర్చున్నది సాక్షాత్తూ డైరెక్టరు చక్రధరరావుగారు. డ్రైవరు నూకరాజు ఆయన్ని కిటికీలోంచి దింపాడు. డైరెక్టరుగారు నిండైన మనిషి. కిటికీ అంత నిండైనది కాదు. కొంతసేపు ఆయన లోపల సగం, బయట సగంగా ఉండి, ఆ సగం నుంచే మర్నాటి ఉత్తర్వుకి మాటలు వెతుక్కున్నారు.

"సదరు వాహనమునకు పార్శ్వరక్షణ ఏర్పాటు గావించబడు పర్యంతము, అట్టి వాహనము శిలాయుత మార్గములందు సంచరింపరాదు."

పక్కలకి రక్షణ పెట్టేదాకా బండి రాళ్లదారి ఎక్కకూడదని దీని అర్థం. చినగరువు చుట్టుపక్కల రాళ్లు లేని దారి ఒక్కటే, సంస్థ గేటు నుంచి ఆఫీసు మెట్ల దాకా. బండి ఆ దారిలోనే తిరగసాగింది. మంచి పేరు తెచ్చుకుంది కూడా. ఒక్క ప్రమాదం లేదు.

ఈ ఏర్పాటు అందరికీ బాగానే ఉంది, అసిస్టెంటు ఇంజనీరు హిమబిందుకి తప్ప. కాకినాడలో చదువుకుని ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్ల. పని అయితే బాగుంటుందని ఇంకా అనుకునే వయసు. గోడౌన్లో ఉన్న పిండిమర గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకి అన్నం సయించేది కాదు.

ఆ మర పనసబంద ఆడవాళ్లది. పసుపూ చింతపండూ అమ్మి, పొదుపు చేసి, డీజిలు ఇంజనుతో నడిచే మర కొనుక్కున్నారు. చోళ్లు, అంటే రాగులు, తిరగలి మీద విసిరి విసిరి వాళ్ల భుజాలు పడిపోయాయి మరి. అమ్మినవాడు చినగరువు దాకా తెచ్చి, ఇక పైకి నా వల్ల కాదంటూ సంస్థ గోడౌన్లో దించేసి చక్కా పోయాడు. ఊరి మగవాళ్లు డోలీ కట్టి మోయబోతే డోలీ కర్ర విరిగింది. ఇక బండే దిక్కు. అప్పుడు హిమబిందు ఉత్సాహం పట్టలేక, "మృగశిర రాకముందే మీ మర మీ ఊళ్లో తిరుగుతుంది, నాదే పూచీ" అని ఆ ఊరి పెద్దమ్మ వంతాల చిలకమ్మకి మాట ఇచ్చేసింది. మృగశిర కార్తె వస్తే వానలు పడతాయి. వానలు పడితే గెడ్డ పొంగుతుంది. గెడ్డ పొంగితే దీపావళి దాకా బండికి దారుండదు. అంతవరకూ ఆ భుజాలకి తిరగలే గతి.

ఆ మాట ఇచ్చిన వారానికే డైరెక్టరుగారు కిటికీలో ఇరుక్కున్నారు.

హిమబిందు బాగా ఆలోచించుకుని డైరెక్టరుగారి గదిలోకి వెళ్లింది. "సార్, బండికి రాక్ స్లైడర్లు పెట్టిద్దాం" అంది.

"అనగా?"

"రెండు పక్కలా తలుపుల కింద పొడుగునా దిట్టమైన ఇనప గొట్టాలు సార్. బండి అడుగు చట్రానికి, అదే ఛాసిస్‌కి బిగిస్తాం. బండి రాయి మీద కూర్చున్నా ఆ బరువు గొట్టం మీద పడుతుంది, రేకు మీద పడదు. గొట్టం రాయి మీద జారిపోతుంది, బండి ముందుకి పోతుంది."

డైరెక్టరుగారి మొహం వెలిగిపోయింది. కొత్త మాట వింటే ఆయనకి ఆకలి కూడా వేయదు. "స్లైడర్లు," అన్నారు, నోట్లో వేసుకుని చప్పరించినట్టుగా. "దీని మీద ఒక కమిటీ వేయవలసియున్నది."

పార్శ్వరక్షణ సాధనాల ఎంపిక కమిటీ ఆ మధ్యాహ్నమే పుట్టింది. అధ్యక్షులు డైరెక్టరుగారు. సభ్యుడు స్టోర్సు అధికారి విశ్వేశ్వరంగారు. ఈయన సన్నగా, భయంగా ఉంటారు. ముప్పయ్యేళ్ల ఉద్యోగంలో ఆయన చేతికి వచ్చిన ఏ వస్తువూ పాడవలేదు, ఎందుకంటే ఏ వస్తువునీ ఆయన ఎవరికీ ఇవ్వలేదు. కన్వీనరు హిమబిందు.

మొదటి సమావేశంలోనే తేడాలొచ్చాయి. డైరెక్టరుగారికి పట్నంలో పెద్ద కార్లకి ఉండే మెరుపుల ఫుట్‌బోర్డులు కావాలి. వాటి కింద నీలం లైట్లు కూడా ఉంటే సంస్థ గౌరవం పెరుగుతుందని ఆయన అభిప్రాయం. విశ్వేశ్వరంగారికి గొట్టాలు అద్దాల పెట్టెలో ఉంటే బాగుండనిపించింది.

"ఫుట్‌బోర్డు కాలు పెట్టుకోవడానికి సార్. బండి బరువు మోయడానికి కాదు," అంది హిమబిందు. "అది బాడీకి బిగిస్తారు, ఛాసిస్‌కి కాదు. రాయి తగిలితే అదే పోయి రేకుని పొడుస్తుంది."

"సాంకేతిక అభిప్రాయమును గౌరవించుచూనే, సౌందర్య దృష్టిని విస్మరింపజాలము," అన్నారు డైరెక్టరుగారు.

నమూనాగా ఒక ఫుట్‌బోర్డు తెప్పించి ఎడమపక్కన బిగించారు. తళతళలాడుతూ పెళ్లికొడుకు వాచీలా ఉంది. దాని మీద నిలబడి ఫొటో తీయించుకోవాలని డైరెక్టరుగారికి బుద్ధి పుట్టింది. కుడికాలు పెట్టారు. బోర్డు కొంచెం మూలిగింది. ఎడమకాలు కూడా పెట్టి, చెయ్యి పైకెత్తి, చిరునవ్వు నవ్వారు. ఆ నవ్వు మీద ఉండగానే బోర్డు మెల్లగా, ఏ తొందరా లేకుండా, కిందికి వాలిపోయింది. డైరెక్టరుగారు దాని మీంచి జారుకుంటూ వెళ్లి ఆవరణలోని ఇసకలో కూర్చున్నారు. ఫొటో మాత్రం చక్కగా వచ్చింది.

కమిటీ అప్పటికప్పుడు అక్కడే, ఇసకలోనే, ఏకగ్రీవంగా తీర్మానించింది. "ఎంపిక చేయబడు సాధనము అధ్యక్షులవారి సంపూర్ణ భారమును, ఉభయ పాదములతో సహా, వంగకుండ భరింపగలదై యుండవలెను." హిమబిందుకి కావలసింది అదే. ఆ బరువు మోసే గొట్టం బండినీ మోస్తుంది.

తర్వాతి పని ఆమెకి పండగలా గడిచింది. ఊళ్లో వెల్డింగు షాపు దగ్గర నిలబడి, సొట్టపోయిన రేకు సాపు చేయించి, దళసరి గొట్టం ఏరించింది. ఛాసిస్‌కి పట్టే దిట్టమైన పట్టీలు కోయించింది. గొట్టం వెనక కొస కొంచెం బయటికి వంపు తిరిగి ఉండాలంది, మలుపులో బండి తోక రాయికేసి వాలితే ఆ వంపు బయటికి తోసేస్తుందట. అడుగున చిన్న బెజ్జాలు పెట్టించింది, నీళ్లు నిలిచి లోపల తుప్పు పట్టకుండా. వెల్డింగు కాకుండా బోల్టులతో బిగించమంది, ఎప్పుడైనా విప్పాల్సి వస్తే విప్పుకోవచ్చని. నూకరాజూ ఆమే బండి కిందకి దూరి, మొహాలు నల్లగా చేసుకుని, ఒక్కో బోల్టూ బిగించారు. బయటికి వచ్చేసరికి ఎవరు ఇంజనీరో ఎవరు డ్రైవరో ఆనవాలు దొరకలేదు.

"మేడమ్, ఇప్పుడు దీన్ని కొండ మీంచి దొర్లించీసినా పరవాలేదండి," అన్నాడు నూకరాజు.

ఆవరణలో రిబ్బను కట్టారు. కొబ్బరికాయ కొట్టారు. డైరెక్టరుగారు రెండు కాళ్లతో స్లైడరు మీద నిలబడ్డారు. అది కిమ్మనలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. హిమబిందుకి గాల్లో తేలినట్టుంది. రేపు పొద్దున్నే మర ఎక్కించడం, మధ్యాహ్నానికి పనసబంద. ఎందుకైనా మంచిదని ఒకసారి పరీక్షిద్దామనుకుంది. గేటు పక్కన ఒక మోస్తరు రాయి ఉంటే, "నూకరాజు గారూ, దాని మీద నుంచి ఒకసారి జార్చండి" అంది.

బండి కదిలింది. చక్రం రాయెక్కింది, దిగింది. గొట్టం రాయిని తాకబోయేంతలో విశ్వేశ్వరంగారు పరిగెత్తుకొచ్చి బండికీ రాయికీ మధ్య చెయ్యి పెట్టారు. నూకరాజు బ్రేకు తొక్కకపోతే సంస్థకి స్టోర్సు అధికారి ఒంటిచేత్తో మిగిలేవారు.

"గీత పడుతుంది," అన్నారు ఆయన, చెయ్యి తీయకుండానే.

"పడనివ్వండి సార్. గీత పడటానికే కదా అది పెట్టింది."

"మేడమ్, అవి ఇప్పుడు స్టోర్సు ఆస్తి. కుడి గొట్టం ఒక ఆస్తి, ఎడమ గొట్టం మరొక ఆస్తి. ఏ స్థితిలో పుచ్చుకున్నానో ఆ స్థితిలోనే నేను అప్పగించాలి. ఇంకా మూడేళ్లు సర్వీసుంది నాకు."

హిమబిందు డైరెక్టరుగారి వంక చూసింది. ఆయన కళ్లు మూసుకుని కొంచెంసేపు ఆలోచించి తెరిచారు. "విశ్వేశ్వరంగారి వాదమునందు సత్యము కలదు. నూతన సాధనములకు గాయము కలుగరాదు."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. స్లైడర్లు అమర్చబడిన వాహనము, స్లైడర్లకు హాని కలుగునట్టి శిలాయుత మార్గములందు సంచరింపరాదు.

"సార్," అంది హిమబిందు, వీలైనంత నెమ్మదిగా. "స్లైడర్లు లేకపోతే బండి రాళ్లదారి ఎక్కకూడదన్నారు. ఇప్పుడు ఉన్నాయి కాబట్టి ఎక్కకూడదంటున్నారు. మరి ఎప్పుడు ఎక్కాలి సార్?"

"ప్రశ్న బాగున్నది," అన్నారు డైరెక్టరుగారు మెచ్చుకోలుగా. "ఇప్పుడు వాహనము ఉభయవిధముల సురక్షితము."

ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. ఏడుపు వచ్చింది, నవ్వూ వచ్చింది, రెండిట్లో ఏది ముందు కానివ్వాలో తెలియక పడుకుంది.

మర్నాటి నుంచి ఆమె దారులు వెతకడం మొదలుపెట్టింది. స్లైడర్లకి రబ్బరు తొడుగు వేద్దామంది. వేశారు. రబ్బరు కూడా స్టోర్సుదే కనక దానికి గీత పడకుండా పైన బొంతగుడ్డ చుట్టారు. గుడ్డ మాయకుండా దాని మీద ప్లాస్టిక్కు కాగితం కప్పారు. బండి చలిజ్వరం వచ్చిన మనిషిలా తయారైంది. తలుపు తెరిస్తే బొంతకి తగిలి మళ్లీ తెరుచుకోవడం మానేసింది. డైరెక్టరుగారికి కిటికీ గుర్తొచ్చింది. తొడుగులన్నీ ఊడబెరికించారు.

అప్పుడు విశ్వేశ్వరంగారే ఒక దారి చూపించారు. ఆయనకి మాత్రం మనసు లేదా ఏమిటి. హిమబిందు మొహం చూస్తే ఆయనకీ బాధగానే ఉంది.

"మేడమ్, గీత పడకూడదని నేనేం మొండికెయ్యడం లేదు. పడొచ్చు. కాని ఏ రాయి వల్ల పడిందో తెలియాలి కదా. ఊరూ పేరూ లేని రాయి గీసిపోతే నేనెవర్ని అడగను? అదే ఫలానా రాయి అని తెలిస్తే, ఫలానా రాయి చేసిన గీత అని ధైర్యంగా లెక్కలో రాసి కొట్టేస్తాను."

ఆశ పుట్టింది. పనసబంద దారిలో బండికి తగిలే రాళ్లన్నిటికీ నంబర్లు వేయాలని నిర్ణయమైంది. బండి పోకూడదు కనక నూకరాజూ హిమబిందూ తెల్లరంగు డబ్బా మోసుకుంటూ కాలినడకన కొండెక్కారు. రోహిణి కార్తె ఎండ మాడు పగలగొడుతోంది. ప్రతి రాయి దగ్గరా కూర్చుని, దుమ్ము తుడిచి, నంబరు వేశారు. దారిన పోయే ఊరివాళ్లు ఆగి చూసి, ఈ రాళ్లకి ఏదో పథకం వచ్చిందనుకుని, తమ పొలాల్లోని రాళ్లకి కూడా రాయించుకుంటామని వెంటపడ్డారు. ఒక ముసలాయన తన పేరు కూడా రాయమన్నాడు.

పని ముగించుకుని, కాళ్లీడ్చుకుంటూ ఆఫీసుకి వచ్చేసరికి విశ్వేశ్వరంగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. మొహం పాలిపోయి ఉంది.

"ఘోరం జరిగిపోయింది మేడమ్. మనం చూసుకోలేదు. స్టోర్సు నంబరు పడిన ప్రతి వస్తువూ సంస్థ ఆస్తి. నిబంధన. అంటే ఇప్పుడు ఆ రాళ్లు మనవి. మన బండి పోయి మన రాళ్లని గుద్దితే ఎలాగండీ? అటు గొట్టమూ మనదే, ఇటు రాయీ మనదే."

డైరెక్టరుగారు ఈ సంగతి విని భయపడలేదు, పొంగిపోయారు. ఆయన హయాంలో సంస్థ ఆస్తులు ఒక్కరోజులో ఇంతగా పెరగడం ఇదే మొదలు. రాళ్లకి రక్షణ కల్పించమని ఆదేశించారు. నంబరు వేసిన ప్రతి రాయి మీదా గోనెసంచి పరిచి తాడు కట్టారు. గోనెలు చాలకపోతే కొన్నిటికి దుప్పట్లు కప్పారు. "బండి రాదు గానీ రాళ్లకి చలి లేకుండా చూస్తన్నారు" అని కొండ మీది జనం పడీ పడీ నవ్వుకున్నారు.

హిమబిందుకి మాత్రం నవ్వు రాలేదు. మృగశిర నాలుగు రోజుల్లోకి వచ్చేసింది. పడమటి కొండ మీద మబ్బులు కూడుతున్నాయి.

ఆ సంతరోజున చిలకమ్మ ఆఫీసుకి వచ్చింది. యాభై దాటిన మనిషి, గట్టి పిండం. నెత్తి మీద బుట్ట, చేతిలో చోడిపిండి మూట. మూట హిమబిందు బల్ల మీద పెట్టి, గోడకి చేరగిలబడి కింద కూర్చుంది. కూర్చున్నాక కుడిచెయ్యి ఎడమచేత్తో పైకెత్తి ఒళ్లో పెట్టుకుంది. ఆ చెయ్యి తనంతట తాను లేవడం లేదు.

"తిరగల్లో ఇసిరిన పిండి అమ్మా. నీకని తెచ్చినాను," అంది.

హిమబిందు ఆ చెయ్యి చూసింది. ఇక దాచుకోలేకపోయింది. "నన్ను క్షమించండి చిలకమ్మ గారూ. నేను మాట ఇచ్చాను. నిలబెట్టుకోలేకపోతున్నాను. ఎన్ని రకాలుగా చెప్పినా వాళ్లు వినడం లేదు" అంటూ మొదటి నుంచి చివరిదాకా జరిగిందంతా చెప్పుకుంది. చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి.

చిలకమ్మ చుట్ట కొస నలుపుతూ ఓపిగ్గా అంతా వింది.

"నువ్వు బండి గురించి సెప్పినావు, ఇనలేదు. మర గురించి సెప్పినావు, ఇనలేదు. మా బుజాల గురించి సెప్పినావు, అదీ ఇనలేదు," అంది. "నీకు దేని మీద బెంగో అదే సెప్తన్నావు తల్లీ. ఆలకి దేని మీద బెంగో అది సెప్పు."

చెప్పి, బుట్ట ఎత్తుకుని వెళ్లిపోయింది.

హిమబిందు ఆ మాట మనసులో తిప్పుకుంటూ చాలాసేపు కిటికీలోంచి మబ్బుల్ని చూసింది. తర్వాత లేచి, మొహం కడుక్కుని, పమిట సర్దుకుని, స్టోర్సు గదిలోకి వెళ్లింది. విశ్వేశ్వరంగారు తాళాలు తుడుచుకుంటున్నారు.

"సార్, చిన్న సందేహం," అంది. "మృగశిర వస్తోంది కదా. వానకి కొండ మీంచి నీళ్లు ధారగా దిగుతాయి. మన రాళ్లు కొట్టుకుపోతే బాధ్యత ఎవరిది సార్?"

తాళాలు కింద పడ్డాయి.

"ఒక్క రాయి పోయినా..." అన్నారు విశ్వేశ్వరంగారు.

"నంబర్లు ఉన్నవి కదా సార్, ఏవి పోయాయో సులభంగా తెలిసిపోతుంది," అంది హిమబిందు, ఓదార్పుగా.

డైరెక్టరుగారి గదిలో అత్యవసర సమావేశం జరిగింది. విశ్వేశ్వరంగారి కంఠం ఎన్నడూ లేనంత పైకి లేచింది. "శిలలన్నిటినీ తక్షణము గోడౌనునందు భద్రపరచవలసినది," అని తీర్మానం. రాళ్లు తీసిన చోట గుంటలు మిగులుతాయి కదా, ఆ గుంటలు చెరిగిపోతే ఏ రాయి ఎక్కడిదో తెలియకుండా పోతుందని విశ్వేశ్వరంగారికి మరో దిగులు. అందుకని ప్రతి గుంటనీ గ్రావెలుతో నింపి, దిమ్మిసతో గట్టిగా కొట్టి, దారి అంచున ఒక మేకు పాతాలని తానే సూచించారు. హిమబిందు తల వంచుకుని రాసుకుంది. పెదవి కొరుక్కోవడం వల్ల రక్తం వచ్చినంత పనైంది.

పనసబంద మొత్తం గునపాలూ పలుగులూ పట్టుకుని కొండ దిగింది. ఆడా మగా, ముసలీ ముతకా. సంస్థ కూలి ఇస్తానంది, పైగా ఎంత తొందరగా అయితే అంత మంచిదంది, అలాంటి సంస్థని వాళ్లు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. చిన్నరాళ్లు కావిళ్లలో దిగాయి. పెద్దరాళ్లు దుప్పట్లతో సహా దొర్లుకుంటూ దిగాయి. పాటలు, కేకలు, నవ్వులు. గేటు దగ్గర విశ్వేశ్వరంగారు నిలబడి, వచ్చిన ప్రతి రాయినీ అటూ ఇటూ తిప్పి చూసి, దెబ్బ తగల్లేదు కదా అని తడిమి లోపలికి పంపించారు. ఒక రాయికి చిన్న పెచ్చు ఊడితే ఆ పెచ్చుని జేబులో భద్రంగా వేసుకున్నారు.

మూడోరోజు మధ్యాహ్నానికి గోడౌను నిండిపోయింది. ఇంకా కొన్ని రాళ్లు ఆవరణలో ఎండలో ఉన్నాయి. విశ్వేశ్వరంగారు లోపలంతా కలయజూసి, మూలగా ఉన్న ఒక పెద్ద ఇనప వస్తువు దగ్గర ఆగారు.

"ఇదెవరిది? ఇది మన ఆస్తి కాదే. మన రాళ్లు బయట ఎండుతుంటే ఎవరిదో పిండిమరకి మనం నీడ ఇవ్వడమేమిటి? వెంటనే తీయించెయ్యండి."

"ఎక్కడికి సార్?" అంది హిమబిందు.

"ఎవరిదైతే వారింటికి."

"పనసబంద సార్. దారిలో..."

"దారిలో రాళ్లెక్కడివండీ? రాళ్లన్నీ నా దగ్గరుంటే."

నిజమే. పనసబంద దారి ఇప్పుడు శిలాయుత మార్గం కాదు. ఉత్తర్వు దానికి వర్తించదు. విశ్వేశ్వరంగారు ఇంకొక జాగ్రత్త మాత్రం తీసుకున్నారు. దుమ్ము పడుతుందని రెండు స్లైడర్లనీ బోల్టులు విప్పించి, గుడ్డలో చుట్టి, గోడౌన్లో రాళ్లకి దూరంగా, ఎత్తున అటక మీద పెట్టించారు. బోల్టులతో బిగించమన్నందుకు హిమబిందు తన తెలివిని తానే మెచ్చుకుంది.

మర తొట్టిలోకి ఎక్కింది. ఇలాంటి సందర్భం వదులుకునే మనిషి కాదు కనక డైరెక్టరుగారు కూడా ముందుసీట్లో ఎక్కారు. హిమబిందు వెనక తొట్టిలో మరని పట్టుకుని నిలబడింది. నూకరాజు బండిని గెడ్డలో దింపి, దాటించి, కొండకి తిప్పాడు. ఇదివరకు ఎముకలు విడిపోయే చోట బండి ఊయల ఊగినట్టు పోయింది. ఎర్రటి గ్రావెలు, చదునుగా, దిమ్మిస దెబ్బల గుర్తులతో. రాయి లేదు, కుదుపు లేదు. నూకరాజు రెండుసార్లు బండి ఆపి, దారి తప్పామేమోనని దిగి చూశాడు. అంచున మేకులు కనిపించాక నమ్మకం కుదిరింది.

పనసబందలో డప్పులు మోగాయి. ఎడమవైపు తలుపు తెరుచుకుంది. డైరెక్టరుగారు తలుపులోంచే, పూర్తిగా, ఒకేసారి దిగారు. ఊరంతా కలిసి మరని దించి పాకలో నిలబెట్టింది. ఇంజనుకి డీజిలు పోసి, తిప్పితే మొదట దగ్గింది, తర్వాత తుమ్మింది, ఆ తర్వాత డుబడుబమంటూ అందుకుంది. చిలకమ్మ ఎడమచేత్తోనే మొదటి చేటెడు చోళ్లు పోసింది. కిందనించి పిండి వెచ్చగా జారుతుంటే ఆడవాళ్లందరూ వంగి చూశారు. ఒకావిడ పైటకొంగుతో కళ్లు ఒత్తుకుంది. హిమబిందు సంతోషం పట్టలేక పాక గుంజని పట్టుకుని నిలబడింది.

డైరెక్టరుగారు కొబ్బరినీళ్లు తాగుతూ వచ్చిన దారి వంక చూశారు. చూస్తూ ఉండగా ఆయన కనుబొమలు దగ్గరికొచ్చాయి.

"హిమబిందుగారూ. ఈ మార్గమున రాళ్లు లేవు."

"లేవు సార్."

"రాళ్లు లేని యెడల స్లైడర్ల ప్రయోజనమేమి? రేపు పైవారు వచ్చి ఎందులకు ఎంపిక గావించితిరి, ఎందులకు అమర్చితిరి అని ప్రశ్నించిన నేనేమి చెప్పవలెను?" ఆయన బొండాం పక్కన పెట్టేశారు. "వానకాలము ముగిసిన వెంటనే శిలలనన్నిటిని యథాస్థానములందు పునఃప్రతిష్ఠ గావించవలసినది. మేకులు ఉండనే ఉన్నవి."

పాక గుమ్మంలో చిలకమ్మ చేటతో అలాగే నిలబడిపోయింది. నెల కిందట అయితే హిమబిందు ఈపాటికి వాదనకి దిగి ఉండేది. దారి బాగుంటే మంచిదే కదా సార్ అని, మర పాడైతే బాగుచేసేవాడు రావాలి కదా సార్ అని.

"తప్పకుండా సార్," అంది హిమబిందు. "చాలా అవసరం. అయితే రాళ్లు కిందికి దొర్లాయి గాని పైకి దొర్లవు. బండి తొట్టిలోనే రావాలి. తొట్టికి గీతలు పడతాయేమో సార్."

డైరెక్టరుగారు ఉలిక్కిపడ్డారు. "ఆ మాట నిజము."

"ముందు తొట్టికి లోపల రక్షణ చూడాలి సార్. చెక్కా, రబ్బరా, రేకా అన్నది తొందరపడి తేల్చే విషయం కాదు. మళ్లీ ఆ రక్షణకి గీత పడకుండా..."

"పరిశీలించవలసిన విషయము. సమగ్రముగా పరిశీలించవలసిన విషయము," అన్నారు డైరెక్టరుగారు. ఆయన మొహం మళ్లీ వెలిగిపోయింది. "దీని మీద ఒక కమిటీ వేయవలసియున్నది. తొట్టిరక్షణ సాధనాల ఎంపిక కమిటీ. మీరే కన్వీనరు."

"చిత్తం సార్," అంది హిమబిందు. "నేను చూసుకుంటాను."

పడమటి కొండ మీద ఉరిమింది. గెడ్డ పొంగకముందే దిగిపోవాలని నూకరాజు హారను కొట్టాడు. హిమబిందు చెప్పి వెళదామని పాకలోకి వచ్చింది. చిలకమ్మ దోసెడు వెచ్చటి పిండి తీసి ఆమె కొంగులో పోసింది. పోస్తూ, మర చప్పుడులో వినపడేట్టు చెవి దగ్గరకి వంగింది.

"మల్లీ ఆ రాళ్లు ఒచ్చీస్తాయేటమ్మా?"

"వస్తాయి చిలకమ్మ గారూ. రాళ్లు తేవడానికి కమిటీ వేశారు."

చిలకమ్మ ఆమె మొహంలోకి ఒక్క క్షణం చూసింది.

"కమిటీ ఏసీసినారా," అంది. "అయితే ఇంక రావులే."

చేట నింపుకుని మరలో మళ్లీ చోళ్లు పోసింది.